శాసనాలు, శిల్పాల ఫొటోలకు జేబు కెమెరా సరిపోతుందా?

పల్నాటి పాంథుడు (ప్రశ్న):

సభ్యులకు నమస్కారం. నేను పదవీ విరమణ చేసిన చరిత్ర ఉపాధ్యాయుణ్ణి. పాత గుళ్లలోని శాసనాలను, శిల్పాలను ఫొటోలు తీసి ఊరివారీగా భద్రపరుస్తున్నాను. ఇప్పటి వరకు ఫోనుతోనే పని నడిచింది. కంటి ఎత్తులో ఉన్న రాతిని తీసినప్పుడు ఫలితం బాగానే ఉంటోంది కాని, రామప్ప గుడి చూరు కింద ఏటవాలుగా నిలిపిన మదనికల వంటి శిల్పాలను కింది నుంచి జూమ్ చేసి తీస్తే, నల్లరాతిలో అంత పదునుగా చెక్కిన నగలు, వేళ్ల గణుపులు మైనం పూసినట్టు నునుపుగా వస్తున్నాయి. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరాను రోజంతా మెడకు తగిలించుకొని తిరిగే ఓపిక నాకు లేదు. అందుకని జేబులో పట్టే డిజిటల్ కెమెరా కొందామని ఉంది. 60,000 రూపాయల వరకు పెట్టగలను, వాడినదైనా అభ్యంతరం లేదు. ఫోను ఉండగా ఇది నిజంగా అవసరమా, కొంటే ఏ లోపాలకు సిద్ధపడాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మసక మండపం:

నమస్కారం మాస్టారూ. మీరు చెప్పిన మదనికల సమస్య ఒక్కటి చాలు, కెమెరా కొనడానికి. ఫోనులో కొంత దూరం దాటాక జూమ్ అంటే తీసిన బొమ్మలో కొంత భాగాన్ని కత్తిరించి పెద్దది చేయడమే. అలా చేసినప్పుడు లోపించిన వివరాన్ని ఫోను తన లెక్కల ప్రకారం నింపుతుంది. పెళ్లి ఫొటోకు దానివల్ల నష్టం లేదు. శిల్పం ఎలా ఉందో నమోదు చేయాలనుకునేవారికి మాత్రం యంత్రం ఊహించి గీసిన గీత పనికిరాదు. చిన్న కెమెరాలో లెన్సు నిజంగా కదిలి జూమ్ అవుతుంది కనుక, రాతి మీద ఉన్నదే సెన్సారుకు, అంటే వెలుగును బొమ్మగా పట్టే పలకకు చేరుతుంది. పైగా రా ఫైలుగా, అంటే కెమెరా సవరించని ముడి రూపంలో తీసుకుంటే నూనె దీపాల పసుపు వెలుగును ఇంటికి వచ్చాక తీరిగ్గా సరిదిద్దుకోవచ్చు.

అయితే జేబులో పట్టే కెమెరాలన్నీ ఒకటి కావు. చవక రకాల్లో సెన్సారు దాదాపు 6.2 × 4.6 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. మంచి ఫోనులోని ప్రధాన సెన్సారు ఈరోజు దానికంటే పెద్దది కాబట్టి, జూమ్ తప్ప మరే లాభమూ కనిపించదు. మీరు చూడవలసింది ఒక అంగుళం సెన్సారు అని పిలిచే రకం. దాని కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు, అంటే విస్తీర్ణంలో పైదానికి నాలుగు రెట్లు. సోనీ ఆర్‌ఎక్స్100 వరుస 2012లో ఈ సెన్సారుతోనే మొదలైంది. ఆ తరవాత కేనన్ జీ7ఎక్స్, పానాసోనిక్ టీజెడ్100 లాంటివి వచ్చాయి.

ఈ వరుసలోనే ఒక చిక్కు ఉంది. ఆర్‌ఎక్స్100లో 2014లో వచ్చిన మూడో మోడల్ లెన్సు జూమ్ 24 నుంచి 70 వరకే వెళుతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపు వస్తువు పెద్దగా కనిపిస్తుంది), కాని ఎఫ్/1.8 దగ్గర మొదలవుతుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుగు వస్తుంది). 2019లో వచ్చిన ఏడో మోడల్ 24 నుంచి 200 వరకు వెళుతుంది, కాని ఎఫ్/2.8 దగ్గర మొదలై చివరికి ఎఫ్/4.5కు చేరుతుంది. మూడో మోడల్‌లోకి వెడల్పు కోణంలో (24 దగ్గర) సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ వెలుగు వస్తుంది. గర్భగుడి ముందరి చీకటి మండపంలో, లేపాక్షి కప్పు చిత్రాల వంటి చోట, అది పెద్ద తేడా. చూరు కింద శిల్పానికి మాత్రం 70 చాలదు, కనీసం 150 దాకా కావాలి. రెండూ ఒకే జేబులో దొరకవు. మీరు శిల్పాలకే ప్రాధాన్యం ఇస్తున్నట్టు ప్రశ్నను బట్టి తోస్తోంది కనుక, 200 వరకు వెళ్లే సోనీ ఆరు, ఏడు మోడళ్లనో, 250 వరకు వెళ్లే టీజెడ్100నో వాడినవాటిలో వెతకండి. కప్పు చిత్రాలకు ఫోనునే ఉంచుకోండి. వర్ణచిత్రాలున్న చోట ఏ కెమెరాతోనూ ఫ్లాష్ వేయకూడదని మీకు వేరే చెప్పనవసరం లేదు.

శిలాక్షరం:

శిల్పాల విషయంలో మసక మండపం గారితో ఏకీభవిస్తాను. శాసనాల విషయంలో కాదు. అక్షరం కనిపించడం కెమెరా మీద ఆధారపడదు, వెలుగు ఏ వైపు నుంచి పడుతోందన్న దాని మీద ఆధారపడుతుంది. అరిగిపోయిన గీత లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. ఎదురుగా వెలుగు పడితే దానికి నీడ ఉండదు, నీడ లేకపోతే అక్షరమే లేదు. చిన్న కెమెరాలో ఫ్లాష్ లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి శాసనానికి అది ఉపకారం కన్నా అపకారమే ఎక్కువ చేస్తుంది. వేయి స్తంభాల గుడిలో మాదిరి నునుపు తేలిన నల్లరాయి అయితే, ఫ్లాష్ వేసిన చోట తెల్లటి మచ్చ తప్ప ఇంకేమీ మిగలదు.

నేను చేసే పద్ధతి ఇది. రాతి మీద ఎండ నేరుగా పడుతుంటే గొడుగు అడ్డుపెట్టించి నీడ చేస్తాను. ఒక మామూలు టార్చిలైటును రాతికి దాదాపు ఆనించినట్టుగా, ఎడమవైపు పై మూల నుంచి ఏటవాలుగా పట్టుకోమని తోడు వచ్చినవారికి చెబుతాను. కెమెరాను కదపకుండా ఒక ఫొటో, టార్చి కుడివైపుకు మారాక మరొకటి, కింది నుంచి ఇంకొకటి తీస్తాను. ఒక వైపు వెలుగులో మాయమైన తలకట్టు మరో వైపు వెలుగులో తేలుతుంది, సున్నా లోపల చుక్క ఉందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. పక్కన 15 సెంటీమీటర్ల స్కేలు ఒకటి పెడితే అక్షరం పరిమాణం కూడా నమోదవుతుంది. అక్షరాలు తేలడానికి సుద్దపొడి, మైదాపిండి రుద్దేవారిని ఇప్పటికీ చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి.

ఈ పద్ధతికి చిన్న కెమెరా ఇచ్చే సాయం వేరు. ఫోకస్‌ను చేత్తో ఒకచోట బిగించి, షట్టరు వేగం, వెలుగు స్థాయి మారకుండా ఉంచితే, మూడు ఫొటోలనూ తరవాత ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. ఫోను ప్రతిసారీ తనకు తోచినట్టు సరిచేసుకుంటుంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో స్టాండు వాడాలంటే ముందస్తు అనుమతి కావాలి. అది లేనప్పుడు కెమెరాను స్తంభానికి ఆనించి, రెండు సెకన్ల టైమరు పెట్టి తీయండి. మూడు వందల గ్రాములకు అటూ ఇటూగా ఉండే కెమెరా కాబట్టి ఇది సాధ్యం. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, 24 దగ్గర రాయికి మరీ దగ్గరగా వెళ్లి తీస్తే అంచుల్లో పంక్తులు వంగుతాయి, లెన్సు నీడ కూడా రాతి మీద పడుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి 50 దగ్గర తీయడం మేలు.

విశాఖ వాసి:

మంచి మాటలన్నీ అయ్యాయి గనుక నేను లోపాలు చెబుతాను. ఈ కెమెరాల్లో లెన్సు గొట్టం బయటికి వచ్చి లోపలికి వెళ్లే ప్రతిసారీ కొంత గాలి పీల్చుకుంటుంది, గాలితో పాటు ధూళి కూడా పోతుంది. లెన్సు ఊడదు కాబట్టి సెన్సారు మీద చేరిన రేణువును ఇంట్లో ఊదుకొని తీయలేము, కెమెరాను విప్పవలసిందే. ఇసుక రేణువు గొట్టంలో ఇరుక్కుంటే లెన్సు మధ్యలో ఆగిపోయి, తెర మీద లోపం ఉందన్న సందేశం వస్తుంది. నా పాత కెమెరా భీమిలి బీచిలో సరిగ్గా ఇలాగే ఆగిపోయింది. బాగుచేయడానికి అడిగిన కూలి దాదాపు మరో వాడిన కెమెరా ధరకు సమానం కావడంతో దాన్ని అక్కడితో వదిలేశాను. మాస్టారు గడ్డి, దుమ్ము మధ్య తిరిగే మనిషి కనుక, గొట్టాన్ని బయటికి తెరిచి ఉంచి నడవకూడదు. వాడనప్పుడు జిప్ ఉన్న కవరులో, తీరప్రాంతం అయితే సిలికా జెల్ పొట్లంతో సహా పెట్టాలి. లేకపోతే రెండు వానాకాలాలు గడిచేసరికి అద్దం మీద బూజు తీగలు పాకుతాయి.

బ్యాటరీ మరో లోపం. ఏడో మోడల్‌కు ప్రామాణిక పరీక్షలో చెప్పిన లెక్క 260 ఫొటోలు. గుడిలో తెర వెలుగు పెంచి, జూమ్ ముందుకూ వెనక్కీ ఆడించి తీసేవారికి అంత కూడా రాదు. అదనంగా ఒకటి తప్పదు. ఫిల్టరు బిగించుకోవడానికి మర ఉండకపోవడం కూడా నాకు చిరాకు కలిగించే విషయం. నునుపు రాతి మెరుపును పోలరైజరు అనే ఫిల్టరుతో కొంత తగ్గించవచ్చు కాని, ఇక్కడ దాన్ని చేత్తో లెన్సు ముందు పట్టుకోవాలి.

పల్నాటి పాంథుడు:

అందరికీ ధన్యవాదాలు. టార్చి పద్ధతిని రేపే మా ఊరి చెన్నకేశవస్వామి గుడి ముందున్న రాతి మీద ప్రయత్నిస్తాను. మరో రెండు సందేహాలు. మా మేనల్లుడు జపానులో ఉన్నాడు, అక్కడ వాడిన కెమెరాలు శుభ్రంగా దొరుకుతాయని సోనీ తెస్తానంటున్నాడు. ఇంకొక మిత్రుడు రికో కంపెనీ జేబు కెమెరా జీఆర్3 గురించి చాలా గొప్పగా చెబుతున్నాడు.

మసక మండపం:

జీఆర్3 సెన్సారు అంగుళం రకానికి మూడు రెట్లు పెద్దది, బరువు 257 గ్రాములే. బొమ్మ నాణ్యతలో దానికి వంక పెట్టలేము. కాని దానికి జూమ్ లేదు, 28 దగ్గరే ఉంటుంది. కంటి ఎత్తులోని శాసనాలు మాత్రమే తీసేవారైతే నేనే కొనమనేవాణ్ణి. మీ మదనికలకు అది పనికిరాదు.

జపాను విషయంలో ఒక్కటి గమనించండి. అక్కడి దేశీయ అమ్మకానికి తయారైన సోనీ కెమెరాల్లో మెనూ జపాను భాషలో మాత్రమే ఉంటుంది, ఇంగ్లీషుకు మార్చుకునే వీలు ఉండదు. విదేశీయుల కోసం పలు భాషలతో అమ్మే రకం అక్కడి దుకాణాల్లో వేరుగా దొరుకుతుంది. మీ మేనల్లుణ్ణి కొనేముందు మెనూ తెరిచి చూడమనండి. అలాగే జూమ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పలుమార్లు నడిపించి, గొట్టం తడబడుతోందేమో, గీరుకుంటున్న చప్పుడు వస్తోందేమో వినమనండి. తెల్లని గోడను ఎఫ్/11 దగ్గర తీసి తెర మీద పెద్దది చేసి చూస్తే సెన్సారు మీది ధూళి నల్లచుక్కలుగా బయటపడుతుంది. విమానంలో వచ్చేటప్పుడు విడి బ్యాటరీలను చేతి సంచిలోనే తెచ్చుకోవాలి, లగేజీలో వేయనివ్వరు.