మీటర్ మీద 220 ఉంది, బండేమో 160 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకు?

సెకండ్ హ్యాండ్‌లో 1.2 పెట్రోల్ బండి తీసుకుని నాలుగు నెలలైంది. మీటర్ 220 దాకా ఉంది, కంపెనీ చెప్పే టాప్ స్పీడేమో 160 చుట్టూనే. ఇంకోటి, మొన్న ఓఆర్ఆర్ మీద శంషాబాద్ నుంచి ఘట్‌కేసర్ వైపు పోతుంటే ముల్లు 100 మీద కదలకుండా ఉంది, పక్కన మా తమ్ముడి ఫోన్లో జీపీఎస్ 94 చూపిస్తోంది. మెకానిక్‌ని అడిగితే సెన్సార్ పోయింది మార్చాలి అన్నాడు, నిజంగా మార్చాలా?

బెజవాడ డీజిల్:
బ్రో ముందు 220 సంగతి చెప్తా. అదే డయల్ ఆ మోడల్‌లో టర్బోకీ డీజిల్‌కీ ఎక్స్‌పోర్ట్ బండ్లకీ వేస్తారు, ఇంజన్‌కో మీటర్ చేయించాలంటే ఖర్చు కదా. పైగా మనం రోజూ పోయే 80, 100 డయల్ నడినెత్తిన వస్తాయి, కన్ను అలా వేస్తే చాలు తెలిసిపోతుంది. 160 నుంచి 220కి పోవాలంటే గాలిని చీల్చడానికే రెండున్నర రెట్ల పైన పవర్ కావాలి, 1.2 ఇంజన్‌కి అది ఎక్కడినుంచి వస్తుంది. అమెరికాలో 1979లో మీటర్ మీద 85 మైళ్లకి, అంటే మన 137కి మించి అంకెలే ఉండొద్దని రూల్ పెట్టి, కొన్నేళ్లకే తీసేశారు.

పాత టైరు:
సెన్సార్ జోలికి పోకండి అన్నా, 6 తేడా మామూలే. యూరప్‌లో పాటించే ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 39 ప్రకారం మీటర్ అసలు స్పీడ్ కంటే ఒక్కటి కూడా తక్కువ చూపించకూడదు, ఎక్కువ మాత్రం పదో వంతు ప్లస్ 4 దాకా చూపించొచ్చు, అంటే అసలు 100లో ఉంటే 114 వరకూ ఓకే. అందుకే కంపెనీలు కావాలనే కాస్త ఎక్కువ పెడతాయి. మీటర్‌కి తెలిసేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందనే. కొత్త టైరు గాడి 8 మిల్లీమీటర్లుంటే అరిగి 1.6కి వచ్చేసరికి చుట్టుకొలత 4 సెంటీమీటర్లు తగ్గుతుంది, చక్రం ఎక్కువ సార్లు తిరుగుతుంది, మీటర్ ఇంకో 2 శాతం ఎక్కువ చూపిస్తుంది.

ఓఆర్ఆర్ రోజూ:
ఫోన్ ఒక్కటే నమ్మకండి, స్పీడ్ మారేటప్పుడు జీపీఎస్ కాస్త లేటుగా అందుకుంటుంది. 100 మీద నిలకడగా పట్టి కిలోమీటర్ బోర్డులు చూసి 5 కిలోమీటర్లకి టైం కొట్టండి, సరిగ్గా 100 అయితే 3 నిమిషాలు. టైం పక్కన కూర్చున్నవాళ్లే చూడాలి, మీరు రోడ్డే చూడండి. ఆ 6 మిగిలింది కదా అని మాత్రం దయచేసి తొక్కొద్దు, పెద్ద సైజు టైర్లు వేసిన బండికి ఆ మార్జిన్ మిగలదు, కెమెరా పట్టేది అసలు స్పీడ్‌నే.

అడిగినవాణ్ణి:
థాంక్స్ అందరికీ. నిన్న తమ్ముడు టైం కొట్టాడు, 5 కిలోమీటర్లకి 3 నిమిషాల 11 సెకన్లు, లెక్కేస్తే 94 వచ్చింది, జీపీఎస్ కరెక్టే. ఇంటికొచ్చి టైర్లు చూస్తే గాడి 2 మిల్లీమీటర్లు కూడా లేదు, అసలు మార్చాల్సింది అవే. కంపెనీ సైజే, 165/80 ఆర్14 వేయిస్తున్నా, వేశాక మళ్లీ అదే 5 కిలోమీటర్లు కొట్టి చెప్తా.