పాత కేసెట్ల కోసం ఇప్పుడు వీసీఆర్, హ్యాండీక్యామ్ కొనడం సబబేనా?

బొబ్బిలి నుంచి:
మా ఇంట్లో పన్నెండు వీహెచ్‌ఎస్ కేసెట్లు, హ్యాండీక్యామ్‌లో వాడే చిన్న హైఎయిట్ కేసెట్లు ఎనిమిది ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించుకోవడానికి పాత యంత్రాలు కొనాలని నా ఆలోచన. వీసీఆర్‌ల తయారీలో చివరిదాకా నిలిచిన జపాను సంస్థ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆ పని మానేసింది కనుక, ఇది పాత సామాను మీద డబ్బు పోయడమేనని మా తమ్ముడు అంటున్నాడు. తెలిసినవారు చెప్పగలరు.

పలాస నుంచి:
తప్పకుండా కొనండి మాస్టారూ, కానీ ముందు మీ కేసెట్లు చూసుకోండి. 2018లో తిత్లీ తుపానుకు మా ఇంట్లో నీరు కారి కేసెట్ల పెట్టె తడిసింది. కొన్నాళ్ల తరువాత ఒక కేసెట్టు మూత ఎత్తి చూస్తే, టేపు చుట్ట అంచున ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా బూజు కనబడింది. తెలియక దాన్ని వీసీఆర్‌లో పెట్టాను. ఆ బూజు టేపును చదివే హెడ్లకు అంటుకుని, తరువాత పెట్టిన మంచి కేసెట్లలో కూడా బొమ్మ రాలేదు. మన దేశంలో వాడిన పాల్ అనే వీడియో పద్ధతిలో, ఆ హెడ్లు బిగించిన డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది, దాని మీది హెడ్లు చాలా సున్నితం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూగు రాలని గుడ్డను కదపకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో మెల్లగా తిప్పాలి తప్ప, పైకీ కిందికీ రుద్దితే హెడ్లు విరిగిపోతాయి.

హైఎయిట్ కోసం డిజిటల్8 కెమెరా చూడండి. అది కంప్యూటరుకు కలిపే ఫైర్‌వైర్ తీగ ద్వారా బొమ్మను నేరుగా డిజిటల్‌గా ఇస్తుంది. అయితే పాత హైఎయిట్ కేసెట్లను ఆడించేవి వాటిలో కొన్ని మోడళ్లే. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కెమెరాలు అక్కడి ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతివి కావచ్చు, అవి మన పాల్ కేసెట్లకు పనికిరావు.

రాజాం నుంచి:
నేను ఒప్పుకోను. బెల్టు సాగినా, టేపును ముందుకు నడిపే పించ్ రోలరు గట్టిపడినా టేపు లోపలే చిక్కుకుని నలిగిపోతుంది, బాగుచేసే మెకానిక్కులా దొరకడం లేదు. ఉన్న ఒక్క పెళ్ళి కేసెట్టును అలాంటి యంత్రం నోట్లో పెట్టేకంటే, కేసెట్టుకు ఇంతని తీసుకునే స్టూడియోకు ఇవ్వడమే క్షేమం.

పలాస నుంచి:
ఆ భయం నిజమే. అందుకే పోయినా బాధలేని కేసెట్టును పట్టుకెళ్లి, అమ్మేవారి ఎదుటే అరగంట ఆడించి, ముందుకీ వెనక్కీ తిప్పి చూశాకే కొనాలి. కానీ నేను మొదట స్టూడియోకే ఇచ్చాను. మా అక్క పెళ్ళి అప్పగింతలతో ముగియగానే వారు రికార్డింగు ఆపేశారు. అది మూడు గంటల కేసెట్టు. వీసీఆర్ కొన్నాక అదే కేసెట్టును చివరిదాకా వదిలేస్తే, చాలాసేపు ఏమీ లేని తెర తరువాత, ఎప్పుడో మా చిన్నాన్న తన కెమెరాలోంచి ఎక్కించిన ఏడు నిమిషాలు వచ్చాయి. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు కొడుతూ, ఎండలో ఆడుతున్న నన్ను లోపలికి రమ్మని కేకలేస్తోంది. ఆమె గొంతు మా ఇంట్లో మరే కేసెట్టులోనూ లేదు.