సాల్వెంట్ వ్యర్థాలకి ఎదురు డబ్బిచ్చి తీసుకెళ్తామంటున్నారు, ఇవ్వొచ్చా? పరవాడ, అచ్యుతాపురం వైపు పనిచేసేవాళ్లు చెప్పండి

కూర్మన్నపాలెం కుర్రాడు

అందరికీ నమస్కారం. విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక చిన్న ఇంటర్మీడియట్స్ (మందుల తయారీకి వాడే మధ్యదశ రసాయనాలు) యూనిట్‌లో ఈహెచ్ఎస్‌లో (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే విభాగం) చేస్తున్నాను, చేరి ఎనిమిది నెలలైంది. మా షెడ్డులో ఇప్పుడు 140 దాకా డ్రమ్ములున్నాయి. స్పెంట్ సాల్వెంట్ (రసాయనాలు కరిగించడానికి వాడేసిన ద్రవం), డిస్టిలేషన్ అయ్యాక అడుగున మిగిలే జిడ్డు, వాడేసిన కార్బన్, కొంత ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) బురద. సగం డ్రమ్ముల మీద లేబుల్ వానకి వెలిసిపోయింది. రెండు మూడింటికి మూత ఉబ్బి పైకి లేచింది, వాటి పక్కనుంచి నడవాలంటేనే భయంగా ఉంటోంది.

పోయిన వారం ఒకాయన వచ్చి సాల్వెంట్ మొత్తం తనే తీసుకెళ్తానని, మేం పైసా కట్టక్కర్లేదని, పైగా లీటరుకి ఇంతని ఎదురు ఇస్తానని చెప్పాడు. కాగితాలు అడిగితే "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అన్నాడు. మా పై ఆయన "గేటు దాటాక మనకెందుకయ్యా" అంటున్నారు. నాకైతే రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

ఇంకోపక్క ప్రమాదకర వ్యర్థాల పనే చేసే ఒక సంస్థ ఏడాది కాంట్రాక్టుకి కొటేషన్ ఇచ్చింది. శాంపిల్ టెస్టింగ్, మా మనుషులకి ట్రైనింగ్, రవాణా, సర్టిఫికెట్ అన్నీ కలిపి. రేటు చూసి మావాళ్లు గుండెలు బాదుకుంటున్నారు. ఇలాంటివాళ్లతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, అంత డబ్బుకి తగ్గ పని జరుగుతుందా? మేనేజ్‌మెంట్‌ని ఎలా ఒప్పించాలి?

పాత ఈటీపీ మనిషి

తమ్ముడూ, ముందు ఆ ఎదురు డబ్బిస్తానన్నాయన్ని పాస్‌బుక్ చూపించమను. బ్యాంకు పాస్‌బుక్ కాదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ఇలాంటి సరుకు కొని వాడుకునేవాడికి కాలుష్య నియంత్రణ మండలి ఆథరైజేషన్‌తో పాటు పాస్‌బుక్ ఇస్తుంది, అందులో ఎంట్రీ పడ్డాకే నువ్వు సరుకు అప్పగించాలి. పాస్‌బుక్ లేదన్నాడంటే ఆ సాల్వెంట్ ఏ గెడ్డలో పోస్తాడో ఎవరికీ తెలీదు. లేదా ఇంకో సరుకులో కల్తీగా తేలుతుంది.

గేటు దాటాక మనకెందుకనే మాట పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ల నోటే విన్నాను, విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. అదే నియమాల్లో 23వది తీసి మీ సార్ ముందు పెట్టు. వ్యర్థాలు సరిగ్గా చూడకపోవడం వల్ల పర్యావరణానికి గానీ బయటి మనిషికి గానీ నష్టం జరిగితే పుట్టించినవాడూ బాధ్యుడే అని రాసి ఉంది. మేనిఫెస్టు, అంటే లోడుతో పాటు నడిచే రవాణా కాగితం, ఏడు కాపీలు, ఒక్కోదానిది ఒక్కో రంగు. లారీ డ్రైవరు సంతకం పెట్టాక పసుపుది నీ దగ్గర ఉంటుంది, సరుకు అందుకున్నవాడు నీలం కాపీ నీకు తిరిగి పంపాలి. ఆ నీలం కాగితం నీ ఫైల్లోకి వచ్చేదాకా ఆ లోడు నీదే అనుకో.

ఇంకోటి, 140 డ్రమ్ములు ఎన్నాళ్ల నుంచి ఉన్నాయి? 90 రోజులు దాటి ఉంచకూడదు. ఏడాదికి 10 టన్నుల లోపు వచ్చే చిన్న యూనిట్లకి మండలి 180 రోజుల దాకా పొడిగించొచ్చు గానీ, అది అడిగి తెచ్చుకోవాలి. రూలు సంగతి పక్కన పెట్టు, మనది తుపాన్ల ఊరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినరోజు నేను అప్పట్లో చేసే ఫ్యాక్టరీలో (పేరు వద్దులే) వేస్ట్ షెడ్డు రేకులు అట్టముక్కల్లా లేచిపోయాయి. మర్నాడు వెళ్లి చూస్తే ఖాళీ డ్రమ్ములు ప్రహరీ దాకా కొట్టుకుపోయి ఉన్నాయి. నిండువాటిలో మూత సరిగ్గా బిగించనివాటిలోకి వాననీళ్లు చేరి, నురగ కట్టి పక్కకి కారుతున్నాయి. అవి ఎత్తడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. అప్పటి నుంచి షెడ్డు నిండుతోందంటే నాకు చెయ్యి ఆడదు.

కొటేషన్ ఇచ్చినవాళ్ల సంగతికొస్తే, రేటు ఎందుకు ఎక్కువైందో అడిగావా? నువ్వు అన్నీ కలిపేసి ఉంటావు. ఇంకేదీ కలపని టొల్యూన్ (ఒక సాల్వెంట్) అయితే డిస్టిల్ చేసి తిరిగి వాడుకోవచ్చు, దానికి నిజంగానే ధర ఉంది. అందులో నాలుగు బకెట్ల ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్, క్లోరిన్ ఉన్న సాల్వెంట్) పడిందనుకో, క్లోరిన్ చేరింది కాబట్టి సిమెంటు ప్లాంటువాడు కూడా వద్దంటాడు. మామూలుగా కిలోకి 2500 కిలోకేలరీల పైన వేడినిచ్చే జిడ్డుని సిమెంటు కిల్న్ (కొలిమి)లో బొగ్గు బదులు వాడతారు. లోపల క్లింకరే (పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలు) దాదాపు 1450 డిగ్రీల దగ్గర తయారవుతుంది కాబట్టి విషపదార్థం కాలిపోతుంది, మిగిలే బూడిద క్లింకర్‌లో కలిసిపోతుంది, విడిగా పాతిపెట్టే పని ఉండదు. అంత మంచి దారి ఉండగా మనమే ఒక్క ఫన్నెల్ తప్పు పెట్టి దాన్ని ఇన్సినరేటర్‌లో ఊరికే కాల్చిపారేసే సరుకు చేస్తున్నాం. ఎంఈఈ సాల్ట్ (వ్యర్థ నీటిని ఆవిరి చేశాక మిగిలే ఉప్పు) లాంటివి ఎలాగూ ల్యాండ్‌ఫిల్‌కే, అంటే పాతిపెట్టే చోటికే, పోవాలి. మిగతావైనా వేరు చెయ్యి. వేరు చేస్తే అదే సంస్థ ఎంత తగ్గిస్తుందో రెండో కొటేషన్ అడుగు, మీ మేనేజ్‌మెంట్‌కి చూపించాల్సిన కాగితం అదే.

క్యూసీ ల్యాబ్ లక్ష్మి

అన్నయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ల్యాబ్ వైపు నుంచి ఒక మాట కలుపుతాను. మూతలు ఉబ్బాయన్నారు కదా, దయచేసి వాటిని ఎవరితోనూ తీయించకండి, కదిలించకండి. లోపల ఇంకా రియాక్షన్ నడుస్తూ గ్యాస్ పుడుతూ ఉండొచ్చు. బ్యాచ్ రికార్డులు తీసి ఆ తేదీల్లో ఏ ప్రొడక్ట్ నడిచిందో చూడండి. సోడియం అజైడ్ వాడే స్టెప్ ఏదైనా ఉందా? అజైడ్ మిగిలిన లిక్కర్ (రియాక్షన్ అయ్యాక మిగిలే ద్రావణం) ఎండీసీతో కలిస్తే పేలే పదార్థం తయారవుతుంది. సల్ఫైడ్ ఉన్న లిక్కర్‌లో ఆసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. ముందు కుళ్లిన గుడ్డు వాసన, గాలిలో మోతాదు 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. వాసన పోయింది కదా తగ్గిందనుకుని మనిషి లోపలికి అడుగేస్తాడు, అక్కడే పడిపోతాడు, అతన్ని లాగడానికి వెళ్లినవాడూ పడిపోతాడు.

మంచి సంస్థ అయితే ధర చెప్పేముందే శాంపిల్ తీసుకుని పీహెచ్, ఫ్లాష్ పాయింట్ (ఆవిరి మంట అంటుకునే ఉష్ణోగ్రత), క్లోరిన్, కేలరీలు చూస్తుంది. ఏది దేనితో కలపకూడదో కూడా పరీక్షించి చెబుతుంది. శాంపిల్ అడగకుండానే రేటు చెప్పేవాళ్లతో పని పెట్టుకోకండి. మాకు కుదిరిన సంస్థ మొదటి నెల ఒక్క లోడు కూడా ఎత్తలేదు, మా షిఫ్టు ఆపరేటర్లతోనే కూర్చున్నారు. మేం ఆరేళ్లుగా "మిక్స్‌డ్ సాల్వెంట్" అని రాస్తున్నది నిజానికి నాలుగు వేర్వేరు సరుకులని అప్పుడు తెలిసింది.

మా ఊరు తాడి పక్కనే

నేను ఫ్యాక్టరీ మనిషిని కాదు, కానీ చెప్పాలి. మీరు సాల్వెంట్ గురించే మాట్లాడుతున్నారు, ఖాళీ డ్రమ్ముల మాటేంటి? మా పిన్నిగారి ఇంట్లో స్నానాలకి, గిన్నెలకి నీళ్లు పట్టేది నీలం డ్రమ్ములో. సంతలో కొన్నదట. పోయిన వేసవిలో దాన్ని తిప్పి చూశాను, వెనకాల గీకేసిన పసుపు స్టిక్కర్ ముక్క ఇంకా అతుక్కుని ఉంది, ఎర్ర అక్షరాల్లో "హ్యాండి" వరకే కనిపిస్తోంది. పిల్లలు ఆ నీళ్లతోనే ముఖం కడుక్కుంటారు. ఆ రోజే తీసి అవతల పెట్టించాను, పిన్ని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

బాబూ, ఎవరితో కాంట్రాక్టు రాసుకున్నా అందులో డ్రమ్ములు కూడా రాయించండి. కడిగారో లేదో తెలియని డ్రమ్ము స్క్రాపువాడికి వెయ్యొద్దు. ఇక్కడ ఊళ్లో బోరు నీళ్లు చూసుకుని తాగే పరిస్థితి, దీని మీద కోపంతోనే రాస్తున్నాను.

పాత ఈటీపీ మనిషి

అమ్మా, నువ్వు చెప్పింది నేను మర్చిపోయాను, తప్పే. ఖాళీ డ్రమ్ములూ ప్రమాదకర వ్యర్థాల జాబితాలోవే, షెడ్యూలు 1లో 33.1 చూడండి. ఆ పసుపు లేబుల్ మీద "ప్రమాదకర వ్యర్థం", "హ్యాండిల్ విత్ కేర్" (జాగ్రత్తగా ముట్టుకోవాలి) అన్నవి ఇంగ్లిష్, హిందీతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలని రూలు. నేను తిరిగిన షెడ్లలో తెలుగులో రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లోడు ఎత్తేవాడికి, డ్రైవరుకి, సంతలో కొనే తల్లికి చదవడానికి ఉన్నది ఆ తెలుగు ముక్కే కదా.

కూర్మన్నపాలెం కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ షిఫ్టయ్యాక షెడ్డుకెళ్లి బ్యాచ్ రికార్డులతో పోల్చి చూశాను. ఉబ్బిన మూడు డ్రమ్ములూ ఒకే వారంవి, అజైడ్ స్టెప్ మాకు లేదు, సల్ఫైడ్ ఉంది. ఆ చుట్టూ తాడు కట్టించి ఎవర్నీ వెళ్లనివ్వట్లేదు, కొటేషన్ ఇచ్చినవాళ్లకే ఫోన్ చేశాను, రేపు ఉదయం శాంపిల్ కిట్టుతో ఇద్దరు వస్తున్నారు. పాస్‌బుక్ అడిగేసరికి ఆ ఎదురు డబ్బాయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

మేనేజర్ గారితో శుక్రవారం మీటింగు. ఎండీసీకి విడిగా పైపు, ట్యాంకు అడుగుతున్నాను, రెండో కొటేషన్‌లో ఖాళీ డ్రమ్ములు కూడా పెట్టమన్నాను. లక్ష్మి గారూ, మీ ఆపరేటర్లకి చేసిన ట్రైనింగ్ తెలుగులో జరిగిందా? మావాళ్లలో ఒడిశా, బిహార్ కుర్రాళ్లు కూడా ఉన్నారు.

క్యూసీ ల్యాబ్ లక్ష్మి

తెలుగులో, హిందీలో రెండు బ్యాచ్‌లుగా చేశారు. స్లైడ్లు పెద్దగా పనికిరాలేదు. ఒక్కో సాల్వెంట్‌కి ఒక్కో రంగు టేపు ఇచ్చి, ఆ లైనుకీ ఫన్నెల్‌కీ డ్రమ్ముకీ అదే రంగు చుట్టించారు. రేపు ఆ ఇద్దరూ వచ్చినప్పుడు రాత్రి షిఫ్టు ఆపరేటర్‌ని కూడా ఉండమనండి. కలపడం ఎక్కువగా జరిగేది రాత్రిపూటే, ఎందుకు కలుపుతున్నారో అతన్నే అడగాలి.