బీరు తయారీ నుంచి ఇన్సులిన్ దాకా: కిరణ్ మజుందార్ షా ప్రస్థానంలో అసలు దారం ఏది?

ప్రశ్న (బయోకెమిస్ట్రీ విద్యార్థిని, బొమ్మసంద్ర, బెంగళూరు)

నమస్కారం. మాది అనంతపురం జిల్లా. బెంగళూరులో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బయోకాన్ వ్యవస్థాపకురాలు కిరణ్ మజుందార్ షా గారి జీవితం, వృత్తి గురించి మా విభాగంలో సెమినార్ ఇవ్వవలసి ఉంది. చదవడానికి వ్యాసాలు చాలానే దొరికాయి గాని, దాదాపు అన్నీ ఒకే కథను చెబుతున్నాయి. 1978లో అద్దె ఇంటి గ్యారేజీలో 10,000 రూపాయలతో సంస్థ మొదలైందని, పాతికేళ్ళ ఆడపిల్లకు అప్పు ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడాయని, మొదట ఉద్యోగంలో చేరినది పదవీ విరమణ చేసిన ఒక గ్యారేజీ మెకానిక్ అని, చివరకు ఆమె దేశంలోనే పేరున్న బయోటెక్నాలజీ సంస్థను నిలబెట్టారని వాటి సారాంశం. ఇందులో నాకు సందేహం లేదు. అయితే సైన్సు విద్యార్థుల ముందు నిలబడి ఈ కథనే మళ్ళీ చెబితే దాని వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

నాకు అర్థం కానిది ఇది. బీరు తయారీలో శిక్షణ పొందిన వ్యక్తి ఎంజైములకు, అక్కడి నుంచి కొలెస్ట్రాల్ మందులకు, ఆపైన ఇన్సులిన్‌కు, క్యాన్సర్ మందులకు ఎలా చేరుకున్నారు? ప్రతిసారీ పాతది వదిలి కొత్త వ్యాపారంలోకి దిగారా, లేక వీటన్నిటి వెనుక ఒకే విద్య ఉందా? ఈ రంగంలో పనిచేసిన పెద్దలు ఎవరైనా వివరిస్తే కృతజ్ఞురాలిని.

మొదటి సమాధానం (ఫెర్మెంటేషన్ ప్లాంట్లలో పనిచేసి విరమించిన ఇంజనీరు, జయనగర్)

అమ్మా, మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు. నా అభిప్రాయంలో ఆ దారం పేరు ఫెర్మెంటేషన్. సూక్ష్మజీవికి తగిన ఆహారం, గాలి, వేడి, ఆమ్లత ఇచ్చి మనకు కావలసిన పదార్థాన్ని దాని చేత తయారుచేయించుకోవడం అనే ఒక్క విద్యనే ఆమె నాలుగు వేర్వేరు బజార్లకు తీసుకువెళ్ళారని నేను నమ్ముతాను. గ్యారేజీ కథ ఆమె ధైర్యాన్ని చెబుతుంది. ఆమె చేతిలో ఉన్న పనితనాన్ని మాత్రం చెప్పదు.

ఆమె తండ్రి రసేంద్ర మజుందార్ గారు యునైటెడ్ బ్రూవరీస్‌ అనే బీరు కంపెనీలో ప్రధాన బ్రూమాస్టర్, అంటే బీరు తయారీని పర్యవేక్షించే నిపుణుడు. కూతురు వైద్యవిద్య చదవాలనుకున్నారు గాని అది కుదరలేదు. 1973లో బెంగళూరు విశ్వవిద్యాలయంలో జువాలజీ పట్టా పుచ్చుకున్న తరువాత ఆస్ట్రేలియాలోని బల్లారత్‌లో మాల్టింగ్ (ధాన్యాన్ని మొలకెత్తించి సిద్ధం చేయడం), బ్రూయింగ్ (బీరు తయారీ) కోర్సులో చేరారు. ఆ తరగతిలో ఆమె ఒక్కరే మహిళ, పైగా ప్రథమ స్థానంలో నిలిచారు. 1975లో బ్రూమాస్టర్ అర్హతతో తిరిగి వస్తే ఇక్కడి బ్రూవరీలు సలహాదారుగా కొన్నాళ్ళు పని ఇచ్చాయే తప్ప ప్లాంటు బాధ్యతను ఒక స్త్రీకి అప్పగించడానికి సిద్ధపడలేదు. అలాంటి సమయంలో ఐర్లండులోని కార్క్ నగరంలో బయోకాన్ బయోకెమికల్స్ అనే సంస్థను నడుపుతున్న లెస్లీ ఆకిన్‌క్లాస్ భారతదేశంలో భాగస్వామి కోసం వెతుకుతూ ఆమెను కలిశారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బ్రూవరీ, అంటే బీరు తయారీ కేంద్రం, స్వభావరీత్యా ఎంజైముల (జీవుల్లో రసాయన చర్యలను వేగపరిచే ప్రొటీన్ల) కర్మాగారమే. మొలకెత్తిన బార్లీలోని అమైలేజులు అనే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి, ఆ చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మారుస్తుంది. బయోకాన్ ఇండియా మొదట తయారుచేసిన రెండు సరుకులూ బీరు పరిశ్రమ వాడుకునేవే. ఒకటి బొప్పాయి కాయ గాటు నుంచి కారే పాల నుంచి తీసే పపైన్. చల్లబరచినప్పుడు బీరులో మసక తెచ్చే ప్రొటీన్లను అది ఛేదిస్తుంది. మాంసాన్ని మెత్తబరచడానికి కూడా వాడతారు. రెండోది చేపల గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్. అది ఈస్టును అడుగుకు దించి బీరును తేటపరుస్తుంది. కొనేవాడికి ఏ గుణం కావాలో, ఏ లోపం వస్తే బ్యాచి మొత్తం పారబోయవలసి వస్తుందో ఆమెకు బ్రూవరీలోనే తెలిసింది. కాబట్టి ఆమె తెలియని రంగంలోకి దూకలేదు. తనను లోపలికి రానివ్వని పరిశ్రమకే సరుకు అమ్మడం మొదలుపెట్టారు. ఏడాది తిరగకుండానే ఆ సరుకు అమెరికాకు, ఐరోపాకు ఎగుమతి అయింది.

ఈ రెండింటిలోనూ సూక్ష్మజీవి పని లేదు, చెట్టు నుంచి, చేప నుంచి వేరుచేసుకోవడమే. అసలు మలుపు 1984లో సొంత పరిశోధక బృందాన్ని ఏర్పాటు చేసుకున్న తరువాత వచ్చింది. బూజులను ద్రవంలో కాకుండా గోధుమ తవుడు వంటి తడి ఘనపదార్థం మీద పెంచి ఎంజైములు రాబట్టే పద్ధతిని వారు పట్టుకున్నారు. వినడానికి సులువుగా ఉంటుంది గాని ప్లాంటు స్థాయిలో ఇది చాలా మొండి పని. బూజు పెరిగే కొద్దీ వేడి పుడుతుంది, తవుడు మధ్యలో ఆ వేడి చిక్కుకుపోతుంది, తేమ ఒకచోట ఎక్కువగా మరొకచోట తక్కువగా ఉంటుంది, చిన్న కలుషితం చేరినా మొత్తం పాడవుతుంది. ఇంట్లో ఇడ్లీ పిండి చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా పులియడం చూసినవారికి, టన్నుల లెక్కన ప్రతి బ్యాచీ ఒకేలా రావాలంటే ఎంత కష్టమో ఊహకు అందుతుంది. 1990లో వారు ఈ సాంకేతికతను ప్రయోగ స్థాయి నుంచి ప్లాంటు స్థాయికి తెచ్చారు. తరువాత ఈ పని కోసమే ప్లాఫ్రాక్టర్ అనే మూసి ఉండే రియాక్టరును రూపొందించి పేటెంటు పొందారు. మీ సెమినార్లో ఎక్కువ సమయం దీనికే కేటాయించమని నా సలహా, ఎందుకంటే సంస్థకు తనదైన విజ్ఞానం అంటూ మొదట ఏర్పడింది ఇక్కడే.

మందుల్లోకి అడుగు కూడా ఇదే దారిలో పడింది. కొలెస్ట్రాల్ తగ్గించే లోవాస్టాటిన్ ఆస్పర్‌జిల్లస్ టెర్రియస్ అనే బూజు తయారుచేసే పదార్థం. బూజును పెంచడం తెలిసినవారికి ఇక మిగిలింది శుద్ధి చేయడం, మందుల నియంత్రణకు తగిన క్రమశిక్షణ అలవరచుకోవడం. ఆ మిగిలినది చిన్న పని కాదు. 2001లో లోవాస్టాటిన్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లభించింది. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే టాక్రోలిమస్ వంటి మందులు కూడా ఫెర్మెంటేషన్ సంతానమే. 2003లో పికియా అనే ఈస్టు సాయంతో మానవ ఇన్సులిన్‌ను అభివృద్ధి చేశారు. యౌవనంలో బీరు కోసం ఈస్టును సాకడం నేర్చుకున్న ఆమె చేతికి యాభయ్యో ఏట మళ్ళీ ఈస్టే అందింది. ఇది నాకు ఎప్పుడూ ఎంతో ఇష్టంగా తోచే సంగతి.

రెండో సమాధానం (చార్టర్డ్ అకౌంటెంటు, మల్లేశ్వరం)

ఇంజనీరు గారి వివరణ ఎంతో బాగుంది. కాని ఫెర్మెంటేషన్ తెలిసినవారు ఆ రోజుల్లో దేశంలో మరికొందరు కూడా ఉన్నారు, వారందరూ బయోకాన్‌ను నిర్మించలేదు. యాజమాన్యం ఎవరి చేతుల్లో ఉన్నదనే ప్రశ్నను పక్కన పెడితే ఈ జీవితం సగమే అర్థమవుతుందని నా వాదన.

విదేశీ వాటాపై అప్పటి చట్టం విధించిన పరిమితుల కారణంగా సంస్థలో 70 శాతం ఆమెది, 30 శాతం ఐరిష్ భాగస్వామిది అయింది. ఆ నిబంధన ఆనాడు అడ్డంకిగా కనిపించినా, నిర్ణయాధికారం మాత్రం ఆమె దగ్గరే నిలిచింది. ఐరిష్ సంస్థ భాగస్వామి మాత్రమే కాదు, ఆమె సరుకుకు మొదటి కొనుగోలుదారు కూడా. గ్యారేజీలో ఉన్న సంస్థకు సముద్రానికి అవతల ఖాయమైన గిరాకీ ఉండడం 10,000 రూపాయల కంటే ఎన్నో రెట్లు విలువైన పెట్టుబడి.

పరిశోధనను ప్లాంటు స్థాయికి తేవాలంటే డబ్బు కావాలి. బయోటెక్నాలజీ అంటే ఏమిటో తెలియని బ్యాంకులు తాకట్టు అడుగుతున్న కాలంలో, ఐసీఐసీఐకి సారథ్యం వహిస్తున్న నారాయణన్ వాఘుల్ గారు 1987లో ఆ సంస్థ వెంచర్ నిధి (కొత్త సంస్థల్లో పెట్టుబడి పెట్టే నిధి) నుంచి 2,50,000 డాలర్ల సహాయానికి మద్దతు ఇచ్చారు. సాంకేతికతనే హామీగా చూసి పెట్టుబడి పెట్టే అలవాటు దేశంలో అప్పుడే మొదలవుతోంది. ఇంజనీరు గారు చెప్పిన 1990 నాటి ప్లాంటుకు ముందు ఈ 1987 ఉన్నదని మీ ప్రసంగంలో తప్పక చెప్పండి.

1989లో యునిలీవర్ ఆ ఐరిష్ సంస్థను కొనుగోలు చేసింది. దాంతో బయోకాన్ ఇండియాకు ఒక మహాసంస్థ భాగస్వామిగా వచ్చి పడింది. ప్రమాణాలు, పద్ధతులు నేర్చుకోవడానికి అది ఉపకరించి ఉంటుంది. కాని ఆహార పదార్థాలకు కావలసిన ముడిసరుకుల మీద దృష్టి ఉన్న భాగస్వామితో మందుల వైపు మళ్ళడం సులభం కాదని నేను అనుకుంటున్నాను. 1997లో యునిలీవర్ ఆ వ్యాపార విభాగాన్ని ఐసీఐ అనే బ్రిటిష్ సంస్థకు అమ్మింది. 1998లో ఆమె భర్త జాన్ షా గారు సుమారు 20 లక్షల డాలర్లు సమకూర్చి ఐసీఐ దగ్గరున్న బయోకాన్ వాటాలను కొన్నారు. మదురా కోట్స్ అనే వస్త్ర పరిశ్రమ సంస్థకు అధిపతిగా పనిచేసిన ఆయన ఆ తరువాత బయోకాన్‌లోనే చేరారు. లోవాస్టాటిన్ ఆమోదం, ఇన్సులిన్, 2004 మార్చిలో షేర్ల జారీ, లిస్టింగ్ జరిగిన మొదటి రోజే సంస్థ విలువ 100 కోట్ల డాలర్లు దాటడం, ఇవన్నీ ఈ కొనుగోలు తరువాతివే. ఈ క్రమాన్ని నేను యాదృచ్ఛికంగా చూడలేను.

మూడో సమాధానం (ఫార్మసిస్టు, మారతహళ్ళి)

పెద్దలిద్దరూ చెప్పినదానికి నేను చేర్చదలచినది ఒక్కటే. ఆమె ఏమి వదులుకున్నారో, ఎక్కడ ఎదురుదెబ్బ తిన్నారో కూడా చెప్పండి. 2007లో ఎంజైముల వ్యాపారాన్ని డెన్మార్కుకు చెందిన నోవోజైమ్స్‌కు 11.5 కోట్ల డాలర్లకు అమ్మేశారు. తనకు గుర్తింపు తెచ్చిన పునాదినే అమ్మి, ఆ బలాన్ని మందుల మీద పెట్టడం సామాన్యమైన నిర్ణయం కాదు. సూది అవసరం లేకుండా మింగే ఇన్సులిన్ మీద ఆమె పెట్టుకున్న ఆశ 2011లో దెబ్బతింది, మూడో దశ పరీక్షలో ఆ మందు ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. ఇన్సులిన్ అమ్మకానికి ఫైజర్‌తో 2010లో కుదిరిన ఒప్పందం 2012లోనే ముగిసిపోయింది. అయినా పని ఆగలేదు. మైలాన్ అనే మందుల సంస్థతో కలిసి చేసిన రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్‌కు 2017 డిసెంబరులో ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. అమెరికాలో ఆమోదం పొందిన మొదటి ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ (అసలు జీవ ఔషధానికి సమానంగా పనిచేసేలా మరో సంస్థ చేసిన మందు) అదే. రొమ్ము క్యాన్సర్ రోగులకు ఆ మందు ధర ఎంత భారమో కౌంటర్ దగ్గర నిలబడిన మాకు తెలుసు. అందుకే ఆమె జీవితంలో నేను అన్నిటికంటే ముందు చెప్పేది షేర్ల ధర గురించి కాదు, ఈ మందు గురించే.

ఇంజనీరు గారికి ఒక చిన్న మనవి. ట్రాస్టుజుమాబ్ వంటి యాంటీబాడీలను (ఒక నిర్దిష్ట లక్ష్యానికి అంటుకునే పెద్ద ప్రొటీన్లను) ఈస్టులోనో బూజులోనో చేయరు, క్షీరద కణాల్లో చేస్తారు. మీరు చెప్పిన దారం అక్కడ కొంత పలచబడదా?

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నా ప్రసంగం రూపురేఖలు ఇప్పుడు స్పష్టమయ్యాయి. ఒక్క సందేహం మిగిలింది. అమెరికాలో 1982లో ఆమోదం పొందిన మొదటి మానవ ఇన్సులిన్ ఈ-కోలై బ్యాక్టీరియాలో తయారైందని, డెన్మార్కు వారు మామూలు రొట్టె ఈస్టును వాడతారని చదివాను. నడిచిన దారులు రెండు ఉండగా బయోకాన్ పికియాను ఎందుకు ఎంచుకున్నట్టు?

మొదటి సమాధానం రాసిన ఇంజనీరు

ఫార్మసిస్టు గారి మాట న్యాయమైనది. క్షీరద కణాలు చాలా సుకుమారమైనవి, నెమ్మదిగా పెరుగుతాయి, వాటి ఆహారం ఖరీదు, వాటి కోసం కొత్త విద్యే నేర్చుకోవాలి. రియాక్టరును కలుషితం కాకుండా కాపాడడం, ప్రాణవాయువును, ఆమ్లతను అదుపులో ఉంచడం, చివర ప్రొటీనును శుద్ధి చేయడం మాత్రం పాత విద్య నుంచి వచ్చినవే. కాబట్టి దారం పలచబడిందని ఒప్పుకుంటాను, తెగిందని మాత్రం ఒప్పుకోను. అకౌంటెంటు గారు చెప్పిన యాజమాన్యం సంగతికి కూడా నేను తగిన చోటు ఇవ్వలేదు. 1998 లేకపోతే 2003 వచ్చేది కాదనే మాటతో ఏకీభవిస్తున్నాను.

ఇక పికియా విషయం. ఈ-కోలైలో తయారైన ప్రొటీను సాధారణంగా కణం లోపలే ముద్దలుగా పేరుకుంటుంది. కణాన్ని పగలగొట్టి, ఆ ముద్దలను కరిగించి, ప్రొటీనును మళ్ళీ సరైన ఆకృతిలోకి మడవాలి. ఆ మడతలో నష్టం ఎక్కువ. ఈస్టు ఇన్సులిన్ పూర్వరూపాన్ని సరైన మడతతోనే బయటి ద్రవంలోకి వదులుతుంది, తరువాత ట్రిప్సిన్ వంటి ఎంజైముతో దానిని ఇన్సులిన్‌గా మార్చుకోవచ్చు. రొట్టె ఈస్టు కంటే పికియా చాలా ఎక్కువ సాంద్రతతో పెరుగుతుంది, తన సొంత ప్రొటీన్లను ద్రవంలోకి తక్కువగా వదులుతుంది, అందువల్ల శుద్ధి చేయడం తేలిక. అయితే దానికి మిథనాల్ అందిస్తేనే మనకు కావలసిన జన్యువు పూర్తిగా పనిచేస్తుంది. మిథనాల్ మండే పదార్థం, అది ఎక్కువైతే ఈస్టుకే విషం, తక్కువైతే దిగుబడి పడిపోతుంది. పైగా ఆ దశలో ఈస్టు పుట్టించే వేడి, అడిగే ప్రాణవాయువు చాలా ఎక్కువ. వేడిని తీయడం, మోతాదును క్షణక్షణం అదుపులో పెట్టడం చేతనైన బృందానికి మాత్రమే పికియా లాభిస్తుంది. తవుడు మీద బూజు పెంచిన రోజుల నుంచి బయోకాన్ వారు వేడితో పోరాడుతూనే ఉన్నారు కదా అమ్మా. ఈ ఎంపికకు నాకు తోచే కారణం అదే.