వడ్ల మీద పట్టా ఎప్పుడు కప్పాలో ఉపగ్రహం బొమ్మ చెప్తుందా?

హాలియా రైతు: కొనుగోలు సెంటర్‌లో వడ్లు ఆరబోసినం. మొన్న సాయంత్రం గాలిదుమారం లేచి, పట్టా కప్పేలోపే సగం రాశి తడిసింది. ఫోన్‌లో ఇన్సాట్ ఉపగ్రహం బొమ్మలు చూస్తున్నా గానీ మబ్బులన్నీ తెల్లగానే ఉంటున్నాయి, ఏది వాన మబ్బో ఎట్లా తెలుస్తుందన్నా?

మబ్బుల పిచ్చోడు: ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ, అంటే వెలుతురుతో కాకుండా వేడిని బట్టి తీసేది చూడు తమ్ముడూ, రాత్రి కూడా కనిపిస్తుంది. అందులో బాగా తెల్లగా ఉందంటే మబ్బు నెత్తి చల్లగా ఉందని, అంటే అంత ఎత్తుకు పోయిందన్నట్టు. ఒక్క బొమ్మతో లాభం లేదు, అరగంటకొకటి చొప్పున నాలుగు వరుసగా చూస్తే చిన్న చుక్క ఉబ్బుకుంటూ పోతుంది చూడు, అదే ఉరుముల మబ్బు. ఈకల్లా పలచగా పరుచుకున్నవీ తెల్లగానే ఉంటాయి, వాటితో టెన్షన్ వద్దు.

పాలమూరోడు: ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల పైనుంచి మబ్బు నెత్తే చూస్తుంది. కింద వాన పడుతుందా లేదా అంటే మబ్బులో వాన చినుకులను పసిగట్టే హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మ కూడా చూడాల్సిందే. పిడుగులకైతే దామిని యాప్.

హాలియా రైతు: సరే అన్నా. ఇప్పుడే పడమర దిక్కున ఒక చుక్క ఉబ్బుతోంది, పట్టా కప్పుతున్నా.