కోయి చేప తల కిందికి ఉంటే తప్పా?

సిరాచుక్క: భుజం నుంచి మోచేతి దాకా జపనీస్ పచ్చబొట్టు అనుకుంటున్నాను. కోయి చేప, తల కిందికి. చుట్టూ సాకురా (చెర్రీ) పూలు, ఎర్ర మేపుల్ ఆకులు. వెనక నీళ్లూ గాలీ ఏమీ లేవు. అర్థం చెడుతుందా?

పెద్దకెరటం: తల పైకే ఉండాలి. పాత కథలో, చైనా పసుపు నదిలో డ్రాగన్ ద్వారం జలపాతాన్ని ఎదురీది ఎక్కిన చేపే డ్రాగన్ అవుతుంది. దిగే చేపకు ఆ కథ ఎక్కడిది?

గీతబొమ్మ: ఎక్కే చేప నోబొరిగోయి, దిగేది కుదరిగోయి. చెరో చేతికి ఒకటి వేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ అసలు తప్పు రుతువు. సాకురా వసంతానిది, మేపుల్ శరత్తుది.

పెద్దకెరటం: క్యోటో పింగాణీ మీద ఆ రెండూ కలిపే ఉన్‌కిన్ నమూనా ఉందిగా? అయినా తల పైకే.

గీతబొమ్మ: గిన్నె ఏడాది పొడుగునా వాడుకోవాలని రెండూ వేస్తారు. ఒంటి మీది బొమ్మకు ఒకటే కాలం.

నాచెయ్యి: డబ్బు తనది, నొప్పి తనది. మధ్యలో మీ రుతువులేంటండీ?

పెద్దకెరటం: చెయ్యి కిందికి వేలాడేసి చూడండి, పైకెత్తి కాదు. ఎత్తితే ఎక్కే చేప కూడా దిగుతున్నట్టే ఉంటుంది.

గీతబొమ్మ: మీరింకా తల దగ్గరే ఆగిపోయారు! వెనక గాకు, అంటే నీళ్లూ గాలీ ఉన్న నేపథ్యం, లేకపోతే చేప ఎటు తిరిగినా స్టిక్కరే. ఈదడానికి నీళ్లుండాలి కదా! జపాన్ చిత్రకారుడు కునియోషి 1827లో మొదలుపెట్టిన వీరుల అచ్చుబొమ్మలు చూడండి, వాళ్ల పచ్చబొట్టు ఒళ్లంతా ఒకటై పారుతుంది. 1872 నుంచి 1948 దాకా జపాన్‌లో పచ్చబొట్లపై నిషేధమున్నా చాటుగా గురువు నుంచి శిష్యుడికి అందింది ఈ కూర్పే, ఉత్త చేప కాదు.

నాచెయ్యి: అంటే ఒళ్లంతా హోరిషికి (జపనీస్ పచ్చబొట్లు వేసేవాడికి) అప్పగించనివాళ్లు చేప వేయించుకోకూడదా? మీ బాధ చేప కాదు, బయటివాళ్లు.

గీతబొమ్మ: వేయించుకోండి, ఎవరైనా సరే. కానీ నీళ్లు తీసేసి దాన్ని జపనీస్ పద్ధతి అనొద్దు. నా పట్టుదలంతా దానికే.

పెద్దకెరటం: నీళ్ల సంగతి ఒప్పుకుంటా. తల సంగతి ఒప్పుకోను.

సిరాచుక్క: సరే, సాకురా తీసేస్తా, నీళ్లు పెట్టిస్తా. చేప సైజు, అంచు ఎలా?

గీతబొమ్మ: చేప పై చెయ్యంతా నిండాలి. పొలుసులు చిన్నవైతే ఏళ్లు గడిచేకొద్దీ గీతలు వెడల్పై, కలిసిపోయి బూడిదరంగు మచ్చ మిగులుతుంది. ముందు గీత, మానాక నలుపు నీడ, ఆ నలుపూ మానాకే ఎరుపు. తొందరపడితే ఎరుపులోకి నలుపు దిగి మురికిగా కనిపిస్తుంది. మోచేతికి కాస్త పైన ఆపండి, దాన్నే గోబు అంటారు. అంచు తిన్నగా కోసినట్టు కావాలంటే బుక్కిరి, పియోనీ పువ్వు రేకుల్లా వంపులు కావాలంటే బోతన్.