కారు ముందద్దానికి పెచ్చు లేచింది: రెజిన్ (పగుల్లోకి ఎక్కించే జిగురు లాంటి ద్రవం) కొట్టించాలా, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో కొత్తది వేయించాలా?

కృష్ణలంక కుర్రోడు:
శనివారం గుంటూరు నుంచి వస్తున్నా. కాజ టోల్‌గేట్ దాటాక ముందు కంకర టిప్పర్, పైన పట్టా లేదు. దూరం జరుగుదాం అనుకునేలోపే ఠప్‌మని ఒక రాయి. ఇంటికొచ్చి చూస్తే ఎడమవైపు, వైపర్ తిరిగే చోట, రూపాయి బిళ్ళకన్నా చిన్న మచ్చ. మధ్యలో ఆవగింజంత గుంట, దాన్నుంచి సాలీడు కాళ్ళలా మూడు గీతలు. బయట గోరు తగులుతోంది, లోపల నున్నగానే ఉంది.

2022 కారు, 1200 సీసీ. జీరో డెప్ (తరుగుదల కోయని ఇన్సూరెన్స్ యాడ్-ఆన్) ఉంది. ఇప్పటిదాకా ఒక్క క్లెయిమూ లేదు, ఎన్‌సీబీ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో తగ్గించే బోనస్) 35 శాతం నడుస్తోంది. సర్వీస్ సెంటర్‌లో "రిపేర్లు మేం చేయం సార్, ఇన్సూరెన్స్‌లో కొత్తది వేసేద్దాం, మీకు పడేది వెయ్యే" అన్నారు. మా బావేమో ఆటోనగర్ పో, ఏడెనిమిది వందల్లో అయిపోద్ది అంటాడు. ఎవరి మాట వినాలి?

పటమట ట్యాక్సీ:
క్లెయిమ్ కొట్టెయ్ తమ్ముడూ, ఆలోచించకు. నాకూ ఇంతే మచ్చ పడింది, ఏముందిలే అని తిప్పా. మే నెల, మధ్యాహ్నం రెండింటికి రైల్వే స్టేషన్ బయట ఎండలో గంటన్నర నిలబెట్టా. పార్టీ ఎక్కగానే "ఏసీ పెంచు, ఏసీ పెంచు". ఫుల్లు పెట్టి గాలి అద్దం మీదకి తిప్పా. బెంజి సర్కిల్ దాటలేదు, నా కళ్ళ ముందే గీత ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. చప్పుడు కూడా లేదు. రోహిణిలో రోళ్ళే పగులుతాయంటారు, అద్దం ఎంత? రెజిన్ అంటే చిరిగిన చొక్కాకి మాసిక. వందలు పోసి మాసిక వేయించుకోవడం దేనికి, ప్రీమియం కడుతున్నాం కదా.

బ్రాడీపేట లెక్కలు:
ప్రీమియం కడుతున్నాం కాబట్టి వాడేద్దాం అనే మాటే కొంప ముంచేది. రిటైరయ్యేదాకా నా పని ఇదే కాబట్టి లెక్క చెప్తాను.

ముందుగా, అద్దానికీ మీ జీరో డెప్‌కీ సంబంధం లేదు. మామూలు పాలసీలో కూడా గాజు భాగాలకి తరుగుదల కోయరు. బీడింగ్ లాంటి రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకే సగం కోత, జీరో డెప్ ఉపయోగపడితే అక్కడే. వాళ్ళు చెప్పిన వెయ్యి ఎక్కడిదంటే, 1500 సీసీ లోపు కార్లకి తప్పనిసరిగా మనం భరించే వాటా అది. దాన్ని పెద్దగా చెప్పి, ఎన్‌సీబీ సంగతి మింగేశారు.

మీది ఇప్పుడు 35. క్లెయిమ్ లేకుండా రెన్యువల్‌కి వెళ్తే 45, ఆ పై ఏడాది 50. ఈ అద్దానికి క్లెయిమ్ పెడితే వచ్చే ఏడు సున్నా. మళ్ళీ 20, 25, 35, 45 అని మెట్లెక్కాలి. బోనస్ తీయకముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండి నష్టానికి కట్టే భాగం) 6,000 అనుకుందాం. మొదటి ఏడాది పోయేది 2,700. తర్వాత వరసగా 1,800, 1,500, 900, 300. మొత్తం 7,200. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి ఇందులో కొంత తగ్గించుకోండి. మీ వెయ్యి కలుపుకోండి. కొత్త అద్దం బయట వేయిస్తే ఎంతన్నారు?

కృష్ణలంక కుర్రోడు:
బిగింపుతో కలిపి 6,500 అన్నారండీ.

బ్రాడీపేట లెక్కలు:
చూశారా. జేబులోంచి పెట్టి కొత్తది వేయించుకున్నా క్లెయిమ్ కన్నా నష్టమేం లేదు. క్లెయిమ్ పెట్టినా బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ ఉంటే మాత్రం నా లెక్క చెల్లదు, పాలసీ కాగితం తీసి చూడండి.

పటమట ట్యాక్సీ:
మాస్టారూ, లెక్క బానే ఉంది. కానీ ఐదేళ్ళపాటు ఇంకో క్లెయిమ్ రాదని రాసిస్తారా? రామవరప్పాడు రింగులో రోజూ తిరిగే బండికి! వచ్చే ఏడాది ఎవడో వెనక నుంచి గుద్దితే మీరు దాచిన బోనస్ ఎలాగూ గంగలో కలిసేదే.

బ్రాడీపేట లెక్కలు:
ఆ గుద్దుడు పాతిక వేలదైతే అప్పుడు వాడుకోండి, హాయిగా. ఏడు వందల పనికి దాన్ని ఇప్పుడే ఖర్చు పెట్టొద్దంటున్నాను, అంతే.

తాడేపల్లి తమ్ముడు:
మధ్యలో వస్తున్నా, తిట్టొద్దు. నేను వీడియో చూసి ఐదు రూపాయల ఇన్‌స్టంట్ జిగురు పోశా. రెండు నెలలు బానే ఉంది. ఇప్పుడు పచ్చగా మారి, లోపల బుడగలు కనపడుతున్నాయి. ఏం చేయొచ్చు?

ఆటోనగర్ గ్లాసు పని:
మీది ఇక అయ్యేది కాదు బ్రదర్. ఆ జిగురు దారి మూసేసింది, రెజిన్ లోపలికి వెళ్ళదు. పాకకుండా ఉంటే అలాగే వాడుకోండి, పాకితే మార్చండి.

కృష్ణలంక అన్నగారికి: 17 ఏళ్ళుగా నాకు ఇదే పని. ముందద్దం ఒక పలక కాదు. రెండు పలకల మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. లోపల నున్నగా ఉందన్నారు కాబట్టి దెబ్బ పై పలకకే తగిలింది, ఇది రిపేర్ అయ్యే కేసే. అదే అంచుకి రెండంగుళాల లోపు పడినా, పొడుగ్గా పాకినా, లోపలి పలక చిట్లినా నేను చెయ్యి పెట్టను. డ్రైవర్ కంటికి సూటిగా ఉంటే కూడా వద్దంటా. ఎందుకంటే ఎంత బాగా చేసినా మసక మిగులుద్ది. అసలు కనపడకుండా చేస్తా అన్నోడి దగ్గరికి పోకండి.

పని ఇలా ఉంటది: గుంట మీద చిన్న పంపు బిగించి ముందు లోపలి గాలి లాగాలి, తర్వాత వత్తిడితో రెజిన్ ఎక్కించాలి. వెండి తీగలా మెరిసే గీత, రెజిన్ చేరిన చోటల్లా ఆరిపోతా ఉంటది. చివరిదాకా ఆరిందో లేదో చూసుకుని అప్పుడు రెజిన్ గట్టిపడటానికి యూవీ లైటు, ఆ తర్వాత బ్లేడుతో గీకి పాలిష్. ఎండలో చేస్తే ఆ ఎండకే రెజిన్ సగం దారిలో గడ్డకట్టుద్ది. రోడ్డు పక్కన ఎండలో బండి ఆపి చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది.

ముందు మీరు ఇప్పుడే లేచి ఒక సెలో టేపు ముక్క అంటించండి. దుమ్ము, వైపర్ షాంపూ నీళ్ళు లోపలికి పోతే రెజిన్ పట్టదు. ఎండలో కాగిన అద్దం మీద చన్నీళ్ళు కొట్టొద్దు.

పటమట ట్యాక్సీ:
నీ షాపుకి బేరం కోసం చెప్తున్నావు కదా అన్నా?

ఆటోనగర్ గ్లాసు పని:
కొత్త గ్లాసు వేస్తే నాకు మిగిలేది దీనికి నాలుగింతలు అన్నా. నీ బండి తీసుకురా, నేనే వేస్తా.

మంగళగిరి అక్క:
కొత్తది వేయించుకున్నదాన్ని నేను చెప్తాను. మా బండికి అద్దం వెనక రోడ్డు గీతలు చూసే లేన్ కెమెరా ఉంది. క్లెయిమ్‌లో గ్లాసు మార్చాక కెమెరా మళ్ళీ సెట్ చేయాలని ఇంకో రెండు రోజులు ఉంచుకున్నారు. సరే అనుకున్నా. మొదటి వానకి ఎడమవైపు మూల నుంచి నీళ్ళు కారి కింద కార్పెట్ నానిపోయింది. మూడు రోజులు కంపు. తీసుకెళ్తే, పాత సీలెంట్ కోసేటప్పుడు పెయింట్ గీరుకుపోయిందని, అక్కడ కొత్త సీలెంట్ సరిగా అంటలేదని తేలింది. మళ్ళీ ఊడదీసి వేశారు. కంపెనీలో వేసిన సీల్‌ని కదపకుండా ఉండగలిగితే అదే మేలు. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఆనేది ఆ అద్దానికే, గుర్తుంచుకోండి.

పటమట ట్యాక్సీ:
అది పనోడి తప్పు అక్కా, కొత్త అద్దం తప్పు కాదు.

మంగళగిరి అక్క:
నేనూ అదే అంటున్నా తమ్ముడూ. రెజిన్ చెడితే ఏడు వందలు పోతాయి. ఇది చెడితే కారులోకి వాన వస్తుంది.

కృష్ణలంక కుర్రోడు:
నిన్న చేయించేశా. పాలసీ తీసి చూస్తే ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేదు, మాస్టారి లెక్కే ఖాయమైంది. ఆటోనగర్‌లో 750 తీసుకున్నారు, ముప్పావు గంట పట్టింది. రేకుల షెడ్డులో బండి పెట్టి, అద్దం చల్లారేదాకా పని మొదలెట్టలేదు. రెండు గీతలు పూర్తిగా మాయం. మూడోది చివర బియ్యపుగింజంత మిగిలింది. అడిగితే "వారం నుంచి టేపు లేకుండా తిప్పారుగా, అందులో మట్టి చేరింది" అన్నాడు. రాత్రి వారధి మీద ఎదురు లారీ లైటు పడితే ఆ ముక్క ఒక్కటే తళుక్కుమంటోంది. కంటికి ఎదురుగా లేదు కాబట్టి పర్లేదు.

పటమట ట్యాక్సీ:
మిగిలిందిగా ఒక గింజ! 25న రోహిణి వస్తోంది. ఆ మధ్యాహ్నం గంటన్నర ఎండలో పెట్టి, ఏసీ ఫుల్లు కొట్టి, ఇక్కడ ఫోటో పెట్టు. అప్పుడు మాట్లాడుకుందాం.

ఆటోనగర్ గ్లాసు పని:
ఎండలో పెట్టండి, ఫర్లేదు. ఏసీ మాత్రం ఒకటో నంబర్‌లో మొదలెట్టి, గాలి మొహం మీదకి తిప్పుకోండి. ముందు రెండు నిమిషాలు అద్దాలు దించి వేడి గాలి పోనివ్వండి.

పటమట ట్యాక్సీ:
అంటే భయం ఉందన్నమాట.

ఆటోనగర్ గ్లాసు పని:
నాకు కాదన్నా. నీ బండి ఇంకా ఆ పగులుతోనే తిరుగుతోందని విన్నా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పుడు?

పటమట ట్యాక్సీ:
...జూన్‌లో. రేటు ఎంతో ఇన్‌బాక్స్‌లో చెప్పు.